దుకాణం ముందు ఇనప పందిరి

ఆరో అంతస్తు,
వంటింటి బల్ల దగ్గర నుంచి

చిట్టీ,

ఫోన్ చేస్తే నీ వైపు గాలి హోరు, నా వైపు కుక్కర్ కూత. మొన్న నేను పిల్లదానికి జ్వరం తగ్గిందని చెప్తుంటే నువ్వు "సరే, తాడు ఇంకాస్త వదులు" అన్నావు. ఆ మాట నాతో కాదని నాకు అర్థమయ్యేలోపు పెట్టేశావు. అందుకే చిన్నప్పటిలా ఉత్తరానికి దిగాను. ఇందులో అయితే నా మాట మధ్యలో నువ్వు తెంపలేవు.

మా బిల్డింగుకి నగర కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. ఎత్తు భవనాల బయటి గోడల్ని ఐదేళ్ళకోసారి లైసెన్సున్న ఇంజనీరుకి చూపించి, ఊడి పడేదేమీ లేదని కాగితం తేవాలట. నీకు చెప్పేదేముంది, నీ తిండే అది. ఇన్నాళ్ళూ ఒక పెద్దాయన వచ్చేవాడు. రోడ్డవతల నిలబడి, బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించి, ఓసారి పైకీ కిందికీ చూసేవాడు. తర్వాత కింద మీ బావ కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని కాఫీ తాగి సంతకం పెట్టి వెళ్ళేవాడు. గోడ కంటే కాఫీకే ఎక్కువ సేపు పట్టేది. ఇప్పుడాయనకి చూపు ఆనక పని మానేశాడు. ఆఖరి కళ్ళజోడు మీ బావే చేసిచ్చాడు. అది పెట్టుకుని మన గోడని చూసి, ఇన్నాళ్ళూ ఇంత మసగ్గా చూశానా అన్నాడట. మీ బావ ఆ ముక్క పదిమందికి చెప్పి పగలబడి నవ్వుతున్నాడు.

ఇప్పుడెవర్ని పిలవాలని కమిటీలో తర్జనభర్జన పడుతుంటే మీ బావ ఛాతీ విరుచుకుని "మా మరదలు ఉండగా మీకెందుకు బెంగ" అన్నాడట. ప్రెసిడెంటు గారు, అదే పై అంతస్తాయన, ఎగిరి గంతేసినంత పని చేశారు. ఇంటి మనిషి అయితే గొడవ ఉండదు కదా. "సుత్తి మరదల్ని రమ్మను, రోజూ మన చెవుల దగ్గర కొట్టే సుత్తేదో ఈసారి గోడకి కొడుతుంది" అని మీ బావ ఉవాచ.

వస్తావు కదూ? నీ కూతురు కూడా, కాలేజీకి వెళ్తున్నా చిన్నపిల్లలా, పిన్ని ఎప్పుడొస్తుందని ప్రాణం తీస్తోంది. పనికి పని, చూసినట్టూ ఉంటుంది.

అక్క


సైటు షెడ్డు,
సిమెంటు బస్తా మీద కూర్చుని

అక్కా,

బావకి చెప్పు, నా సుత్తి చెక్కది, ఆయన జోకులంత బరువు ఉండదని.

వస్తాను. కానీ ముందే నాలుగు మాటలు చెప్పుకుంటే మంచిది. నేను రోడ్డవతల నిలబడి చూసే రకాన్ని కాను. మేడ మీద నుంచి తాళ్ళతో ఇనప తొట్టి ఒకటి దించుకుంటాం. అందులో నిలబడి పైనుంచి కింది దాకా గోడని చేత్తో తడుముతూ, సుత్తితో తడుతూ దిగుతాం. గట్టిగా పట్టుకున్న రాయి ఒకలా పలుకుతుంది. లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. గోడంతా అలా తట్టుకుంటూ పోతే ఏ పనీ తెమలదు. అందుకే రోడ్డు వైపు గోడకి కనీసం ఒక్కచోట తొట్టి దించితే చాలు, మిగతాది బైనాక్యులర్స్‌తో చూడొచ్చు అంది రూలు. ఆ ఒక్కచోటు ఎక్కడన్నది ఇంజనీరు ఇష్టం. మా నిజాయితీ అంతా ఆ ఇష్టంలోనే ఉందక్కా. బాగున్న చోట దించామా, భవనమంతా బాగున్నట్టే కాగితం వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కూడా ఉండదు.

కాగితంలో రాసేవి మూడే. బాగుంది. బాగు చేయిస్తే బాగుంటుంది. ప్రమాదం. ఈ మూడోది రాయాల్సి వస్తే ఆ రోజే నగర కార్యాలయానికి చెప్పాలి. వాళ్ళు ఫుట్‌పాత్ మీద ఇనప పందిరి వేయిస్తారు. రాయేదైనా పడితే మనుషుల మీద కాకుండా దాని మీద పడాలని.

బంధువుల బిల్డింగు అయితే ఆ సంగతి రాసివ్వాలి, రాసిస్తాను. అలా రాసిచ్చాక మామూలు కంటే కాస్త కఠినంగానే ఉండాలి. పని అయ్యేదాకా లాడ్జిలో దిగుతాను, ముఖం మాడ్చుకోకు. పని అయ్యాక భోజనానికి వస్తాను.

నా కూతురికి ముద్దులు.

చిట్టి


దుకాణం నుంచి,
మీ బావ కౌంటర్ మీద రాస్తున్నాను

చిట్టీ,

లాడ్జి సంగతి తర్వాత తేలుస్తాను. ముందు మీ బావ తరఫున ఒక మాట.

నువ్వు వచ్చే వారం బడులు తెరిచే రోజులు. పిల్లలకి కళ్ళజోళ్ళు చేయించుకునేవాళ్ళతో దుకాణం కిటకిటలాడుతుంది. మీ బావ పద్ధతి నీకు తెలుసుగా. ట్యూబులైటు కింద చూస్తే ఫ్రేము రంగు తెలియదని, ప్రతి మనిషినీ ఫుట్‌పాత్ మీదికి తీసుకొచ్చి, ఎండలో నిలబెట్టి, అద్దం తనే పట్టుకుని చూపిస్తాడు. వచ్చేవాళ్ళు సగం మంది ఆ మర్యాద కోసమే వస్తారు. నీ తొట్టి సరిగ్గా దుకాణం నెత్తిన దిగితే కింద తాడు కట్టి మనుషుల్ని రానివ్వరట. దాన్ని గోడకి రెండో చివర, సందు వైపు దించుకోకూడదా అని అడగమన్నాడు. గోడ అదేగా, రాయీ అదేగా అంటున్నాడు.

నాకు ఇవి తెలియవు. నీకు ఇబ్బంది లేకపోతేనే.

అక్క


సైటు షెడ్డు

అక్కా,

బావ నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం ఇదే మొదలు. సరే. సందు వైపే దించుతానని చెప్పు.

చిట్టి


ఆరో అంతస్తు

చిట్టీ,

కోపంలో రాస్తున్నాను, అక్షరాలు కుదురుగా లేకపోతే ఏమీ అనుకోకు. ఏమైనా అనుకున్నా నాకు బాధ లేదు.

మొదటి రోజు సందు వైపు దించావు. బాగానే ఉందన్నావు. మీ బావ ఆ సాయంత్రం కమిటీ వాళ్ళందరి దగ్గరా మరదల్ని ఆకాశానికెత్తాడు. రెండో రోజు పొద్దున్నే చెప్పా పెట్టకుండా తొట్టిని మా దుకాణం మీదికి జరిపించావు. అడిగితే "ఊరికే, ఒకసారి చూసుకుందామని" అన్నావట. ఆయన గొణుక్కుంటూనే తాడు బయట నిలబడి పిల్లలకి కళ్ళజోళ్ళు చూపించుకున్నాడు.

మధ్యాహ్నం కిందికి దిగి మా ఇంటికొచ్చావు. చేతులు కడుక్కున్నావు. నీ కూతురికి జడ వేశావు. నేను వడ్డిస్తే ఇంకాస్త ఇంకాస్త అని తిన్నావు. మీ బావ పక్కన కూర్చుని గోడ ఎలా ఉందమ్మా అంటే "కాగితం రాసి పంపుతాను బావా" అన్నావు. అప్పటికే కార్యాలయానికి చెప్పేశావు. మా కంచంలో చెయ్యి పెట్టేసరికే మా నోటి దగ్గరది లాగేశావు.

నువ్వు వెళ్ళిన కాసేపటికే నోటీసు పట్టుకుని మనిషి వచ్చాడు. మీ బావ ఒక పిల్లాడి చెవుల వెనక కళ్ళజోడు సరిచేస్తున్నాడు. ఆ పిల్లాడి తల్లి ముందే వాడు గట్టిగా చదివాడు. ప్రమాదం అన్న మాట విని ఆవిడ కొడుకుని రెక్క పట్టుకుని లాక్కుపోయింది. నోటీసు కింద నీ సంతకం చూశాడు మీ బావ. ఎన్నోసార్లు చూశాడు. తర్వాత పైకొచ్చి పడుకున్నాడు.

ముందు మాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? పందిరి వేస్తే వెయ్యనీ. మేం రాళ్ళు పడాలని కోరుకునేవాళ్ళమా? బయటివాళ్ళు కూడా గుమ్మంలో నిలబడి ఇదీ సంగతి అని చెప్పి పోతారు. నువ్వు తిని పోయావు.

అక్క


మా గది నుంచి

అక్కా,

తిట్టు. నువ్వు తిట్టాల్సిందే. కానీ పూర్తిగా విని తిట్టు.

మొదటి రోజు సందు వైపు అంతా గట్టిగానే ఉంది. సాయంత్రం రోడ్డవతల నుంచి మిగతా గోడ చూస్తున్నాను. మూడో అంతస్తు దగ్గర గోడ పొడుగునా బయటికి తోసుకొచ్చిన రాతి పట్టీ ఉంది కదా, మీ దుకాణం మీద దాని కింద గోధుమరంగు చార ఒకటి కనబడింది. ఆ రాళ్ళని లోపల గోడకి పట్టి ఉంచేవి ఇనప కొక్కేలు. వాటికి నీళ్ళు తగిలి తుప్పు పట్టినప్పుడే అలాంటి చార దిగుతుంది. నీటి మరక కూడా కావచ్చు. మరక అని రాసి చేతులు దులుపుకుని రైలెక్కొచ్చు. నేను బావకి మాటిచ్చాను కూడా.

పొద్దున వెళ్ళి తట్టాను. ఆ వరసంతా డొల్లే అక్కా. ఒక రాయి మీద అరచెయ్యి పెట్టి నొక్కితే కదిలింది. నా చేతి కింద, మూడు అంతస్తుల కింద, తాడుకి అటుపక్కగా బావ అద్దం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా చిన్న పిల్లాడు మెడ అటూ ఇటూ తిప్పుతూ తన ముఖం చూసుకుంటున్నాడు. పైనుంచి బావ నడినెత్తి కనిపించింది. జుట్టు అంత పలచబడిందని నాకు అప్పుడే తెలిసింది. రేపు తాడు తీసేస్తే ఆయన నిలబడేది సరిగ్గా ఆ రాయి కిందే. తొట్టిలోంచే కార్యాలయానికి ఫోన్ చేశాను.

ఇంట్లో ఎందుకు చెప్పలేదంటావా. చెప్తే బావ ఒక్క వారం ఆగమనేవాడు, బడుల రోజులు దాటిపోనీ అనేవాడు. నువ్వు వెనకాల నిలబడి కళ్ళు తుడుచుకునేదానివి. నేను ఒప్పుకునేదాన్ని. ఆయన అడిగితే ఒకసారి కాదనలేకపోయాను, రెండోసారీ కాదనలేనని నాకు తెలుసు. అందుకే నా చేతిలో ఏమీ మిగలకుండా చేసుకుని మీ గుమ్మం ఎక్కాను. తిన్నది ఆకలికి కాదు, నీ ముఖం చూడకుండా కంచం చూసుకోవచ్చని.

కమిటీ గట్టిగా తలుచుకుంటే రెండు నెలల పని. ఆ వరస విప్పి, కొత్త కొక్కేలతో బిగించి, పందిరి తీసెయ్యడమే. బావని కాస్త ఓపిక పట్టమని చెప్పు.

చిట్టి


దుకాణం నుంచి

చిట్టీ,

కాస్త ఓపిక అన్నావు. వానలు వచ్చి వెళ్ళాయి, చలి కూడా వచ్చింది. పందిరి అలాగే ఉంది.

దాని కింద కూర్చునే రాస్తున్నాను, పట్టపగలు లైటు వేసుకుని. ఇనప గొట్టాలు సరిగ్గా మా గుమ్మానికి అటొకటి ఇటొకటి దిగాయి. పైన చెక్కలు. బోర్డు రోడ్డు మీదికి కనబడదు. పాత వాళ్ళు కూడా దుకాణం ఎత్తేశారనుకుని ముందుకి పోతున్నారు. గొట్టాలకి సైకిళ్ళు కట్టేస్తున్నారు, చెక్కల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. మీ బావ ఒక ముసలాయన్ని ఎండ కోసం పందిరి దాటించి, రోడ్డు అంచు దాకా తీసుకెళ్ళి అద్దం పట్టాడు. బండివాడు హారన్ కొట్టి తిట్టాడు. ఆ ముసలాయన మళ్ళీ రాలేదు. మీ బావ కూడా ఇక అద్దం బయటికి తీయడం మానేశాడు.

కమిటీకి ఉలుకూ పలుకూ లేదు. ప్రెసిడెంటు గారికి ఒక కిటుకు తెలిసిపోయింది. పందిరి ఉన్నంత కాలం ఎవరి నెత్తినా ఏమీ పడదు కాబట్టి నగర కార్యాలయం తొందర పెట్టదట. బాగు చేయించడం కంటే పందిరి ఉంచుకోవడమే సుఖం అంటున్నారు. పై అంతస్తులో ఉండే ఆయనకేం, పందిరి ఆయన కిటికీకి అడ్డం రాదు. ఇంకో ఇంజనీరుని పిలిపించారు. ఆయన రోడ్డవతల నిలబడి చూసి, చిన్నపిల్ల, భయపడి ఉంటుంది, ఇది బాగు చేయిస్తే బాగుండే రకమే గానీ ప్రమాదం కాదు అన్నాడు. కానీ మొదట రాసిన మనిషే దిద్దాలట, రూలు.

అందుకని అడుగుతున్నాను. మీ బావ అడగమనలేదు, ఆయన నీ పేరు ఎత్తడు. నేనే అడుగుతున్నాను. ఆ ఒక్క మాట మార్చు. మూడోది కొట్టేసి రెండోది పెట్టు. పందిరి తీసేస్తారు, బాగు చేయించే పని ఎప్పటికో అప్పటికి అవుతుంది. పడాల్సిందే అయితే ఇన్ని వానలకి పడేది కదా? ఒక్క సున్నం పెచ్చు రాలలేదు చిట్టీ. పొద్దున్నే ఊడ్చేది నేనే, నాకు తెలియదా.

నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాననుకో.

అక్క


మా గది నుంచి

అక్కా,

మార్చను.

ఈ మాట రాయడానికి కాగితాలు చాలా చింపాను. మెత్తగా ఎలా చెప్పాలో తెలియలేదు, గట్టిగానే చెప్పేశాను. నా అరచేతి కింద కదిలిన రాయి కదల్లేదని ఎలా రాయను? ఇన్ని వానలకి పడలేదన్నావు. ఇన్ని వానల నీళ్ళూ ఆ కొక్కేల మీదికే పోయాయి.

వచ్చిన ఆ ఇంజనీరు తొట్టి ఎక్కలేదు, ముట్టుకోలేదు. నా వయసు మాత్రం రోడ్డవతల నుంచే కనిపించింది ఆయనకి.

నా చేతిలో ఉన్నది ఒకటి చేశాను. పందిరి అడ్డం పెట్టుకుని బాగు చేయించకుండా కూర్చున్నారని మీ కమిటీ మీద కార్యాలయానికి రాశాను. జరిమానా వేస్తారు, అప్పుడైనా కదులుతారు. మీకు ఇంకాస్త చెడ్డపేరు వస్తుందని తెలుసు. నీకు చెప్పకుండా చేశాననే మాట పడకూడదని ఈసారి చెప్తున్నాను.

బావకి వేరే వీధిలో దుకాణం చూడనా? ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు ఉన్నారు. కోపం పక్కన పెట్టి అడిగి చూడు.

చిట్టి


ఆరో అంతస్తు

ఇంజనీరు గారికి,

మీ ఫిర్యాదు అందినట్టు కార్యాలయం నుంచి మా కమిటీకి ఉత్తరం వచ్చింది. దాని మీద మీటింగు పెట్టారు. అందరి ముందు ప్రెసిడెంటు గారు మా ఆయన వైపు చూసి, మీ ఇంటి మనిషి మా అందరి కొంపా ముంచిందండీ అన్నారు. మా ఆయన లేచి నిలబడి చేతులు జోడించి క్షమించమన్నారు. ఏ తప్పుకో నాకు తెలియదు.

దుకాణం మూసేశాం. అద్దాల బీరువాలు ఎవరో కొనుక్కుపోయారు. ఆయన ఇప్పుడు బజారులో ఒక పెద్ద కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తున్నారు. కిటికీ లేని గది. గిరాకీ ముఖం కూడా చూడనక్కర్లేదు.

వేరే వీధిలో దుకాణం చూడక్కర్లేదు. నా కూతురి పట్టా పుచ్చుకునే రోజు దగ్గరపడుతోంది. మీకు పనులుంటాయి, శ్రమ పడి రావద్దు.

ఇట్లు,
ఆరో అంతస్తు మనిషి


పై ఊరి సైటు నుంచి

అక్కా,

నీ ఆ ఉత్తరం తర్వాత ఇది నేను రాస్తున్న నాలుగోది. మొదటి మూడూ నీకు అందాయని తెలుసు. తిరిగి రాలేదు కాబట్టి.

నా కూతురు పట్టా పుచ్చుకున్న ఫోటో ఎవరి దగ్గరో చూశాను. బావ చిక్కిపోయాడు. నువ్వు నవ్వుతున్నావు గానీ అది ఫోటో తీసేవాడి కోసం నవ్విన నవ్వు.

నాకూ కోపం వస్తోందక్కా, చెప్పేస్తాను. డాక్టరు జబ్బు తగ్గిస్తే ఇంటిల్లిపాదీ దండం పెడతారు. నేను చేసే పనిలో అంతా బాగా జరిగితే ఏమీ జరగదు. పడని రాయిని ఎవరికీ చూపించలేను, చావని మనిషి వచ్చి నాకు సాక్ష్యం చెప్పడు. బావ బతికున్నాడు కాబట్టే ఆయనకి నా మీద కోపం. ఆ ముక్క ఆయనతో అనగలిగేది నువ్వొక్కదానివే. నువ్వూ అనవు.

నన్ను మీరు అన్నావు. పెద్దదానివి, ఇంకేమైనా అను, అది మాత్రం అనకు.

చిట్టి


ఆరో అంతస్తు,
ఇంట్లో ఎవరూ లేరు

చిట్టీ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. అన్నీ చదివాను. జవాబు రాయడానికి ముఖం చెల్లలేదు, మనసూ ఒప్పలేదు. ఈ రెంటిలో ఏది ముందో నన్నడగకు.

జరిమానాల మీద జరిమానాలు పడ్డాక కమిటీ కదిలింది. పోయిన వారం మేస్త్రీలు వచ్చారు. ఆ రోజు నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. రోడ్డవతల, నువ్వు నిలబడి చూసిన చోటే వెళ్ళి నిలబడ్డాను. తొట్టి మూడో అంతస్తు దగ్గర ఆగింది. డొల్ల రాళ్ళ మీద నువ్వు గీసిన ఎర్ర గీతలు ఇంకా ఉన్నాయి. మేస్త్రీ ఉలి పెట్టి సుత్తి ఎత్తాడు. ఇంకా కొట్టలేదు. రెండో చేత్తో ఆసరాకి రాతిని పట్టుకున్నాడంతే, రాయి ఊడి వచ్చేసింది. దాని పక్కది దానంతటదే జారింది. పందిరి మీద పడి చెక్క విరిగి, సగం కిందికి దిగి ఆగింది. సరిగ్గా మా గుమ్మం ముందు, ఆయన అద్దం పట్టుకుని నిలబడే చోట. కింద ఎవరూ లేరు. దుకాణమే లేదు కదా, ఎవరుంటారు.

తర్వాత దగ్గరికి వెళ్ళి చూశాను. కొక్కెం ముట్టుకుంటే చేతిలో పొడి అయింది. ప్రెసిడెంటు గారు కిందికొచ్చి, మేస్త్రీ చేతగానివాడు, రాయి జారవిడిచాడు అని తిట్టి పైకి వెళ్ళిపోయారు. బిల్డింగులో అందరూ అదే అనుకుంటున్నారు. నేను కాదనలేదు.

నువ్వు చెప్పింది నిజం చిట్టీ. అక్షరం పొల్లుపోలేదు. నువ్వు ఆ ఫోన్ చేయకపోతే ఈ పాటికి నాకు మొగుడు లేడు. ఏ తల్లికో కొడుకు లేడు.

కానీ ఆయనకి చెప్పలేదు. చెప్పను కూడా. ఎందుకో విను. వెనక గదిలో రోజంతా అద్దాలు అరగదీసి, ఇంటికొచ్చి, రెండు ముద్దలు తిని, మాట్లాడకుండా కూర్చుంటాడు. ఒక్కటే ఒక్క మాటకి మనిషిలో కదలిక వస్తుంది. మీ చెల్లి మన బతుకు ఆర్పేసింది అంటాడు. అది అనేటప్పుడు వీపు నిటారుగా అవుతుంది, గొంతు పాత గొంతులా ఉంటుంది. రేపటి నుంచి ఎలాగోలా మళ్ళీ దుకాణం పెడతాను, ఆవిడకి చూపిస్తాను అంటాడు. ఆయనకి మిగిలింది నీ మీద కోపం ఒక్కటే. ఆవిడే నిన్ను బతికించింది అని చెప్పి అది కూడా లాగేస్తే, ఆ మనిషి దేన్ని పట్టుకుని లేస్తాడు? నీకు చేతులు జోడించి, వంగిపోయి, మళ్ళీ లేవడు. నాకు ఆయన సంగతి తెలుసు.

నీకు అన్యాయం చేస్తున్నానని తెలిసే చేస్తున్నాను. నువ్వు తట్టుకుంటావు, ఆయన తట్టుకోలేడు. అక్కలు చెల్లెళ్ళ మీద తోసేవి ఇలాంటివే.

రూలు ప్రకారం పని చూసి పందిరి తీయించడానికి నువ్వే రావాలట. రా. పని చేసుకో. ఇంటికి మాత్రం రాకు. నీ కూతురు కూడా నిన్ను అడగడం మానేసింది, నేనే మాన్పించాను. ఒకరి ముందు దాచి ఇంకొకరి ముందు చెప్పడం నావల్ల కాదు.

అక్క


లాడ్జి గది నుంచి

అక్కా,

నిన్న వచ్చాను. బావ పనిలో ఉండే వేళ చూసుకుని పొద్దున్నే తొట్టి దించుతాను. సాయంత్రానికి పందిరి విప్పడానికి రాసిస్తాను.

నిజం ఎవరో ఒకరికి తెలిస్తే చాలనుకునేదాన్ని. నీకు తెలిసింది. చాలలేదు. బావ కోపం ఆయనకే ఉండనీ. నేనేమీ చెప్పను, కాగితంలో కూడా కొత్త కొక్కేల గురించే రాస్తాను.

కొత్త రాళ్ళు మూడో అంతస్తువే అయినా తట్టుకుంటూ పైనుంచి రావాలి. మీ వంటింటి కిటికీ మీదుగానే దిగుతాను. అక్కడ ఉండకు. తలుపులు వేసి తెర లాగెయ్యి. కిటికీ తెరిచి ఉంటే తొట్టి ఆపేస్తాను అక్కా.

చిట్టి